510 కిలోమీటర్లకు గంటా ఇరవై నిమిషాలా?

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయికి దుబాయ్‌లో ఉద్యోగం వచ్చింది. వైజాగ్ నుంచి హైదరాబాద్‌కు ఒక టికెట్, హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఇంకో టికెట్ విడివిడిగా తీసుకుందామని అనుకుంటున్నాం, అలా అయితే నాలుగు వేలు తగ్గుతోంది. నెట్‌లో చూస్తే రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం 510 కిలోమీటర్లు, ప్రయాణం 50 నిమిషాలు అని ఉంది. టికెట్ మీద మాత్రం గంటా ఇరవై నిమిషాలు వేశారు. ఏది నమ్మాలి? వైజాగ్ విమానం మధ్యాహ్నం 3:10కి, దుబాయ్ విమానం అదే రోజు రాత్రి 7 గంటలకు. నెట్ లెక్క ప్రకారం మూడు గంటల గ్యాప్ ఉంది. సరిపోతుందా సార్? నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ముందు అసలు సంగతి చెప్పేస్తాను. ఆ రెండు టికెట్లు అలా కొనకండి. అంత తక్కువ గ్యాప్‌తో, విడి టికెట్లతో అబ్బాయిని మొదటిసారి విదేశానికి పంపడం మంచిది కాదు. ఎందుకో వివరంగా చెబుతాను. ఎయిర్‌లైన్ డిస్పాచ్ విభాగంలో, అంటే విమానాల దారి, ఇంధనం లెక్కలు వేసి పంపే చోట, నా ఉద్యోగమంతా ఈ నిమిషాల లెక్కల మధ్యే గడిచింది.

నెట్‌లో మీరు చూసిన దూరం సరైనదే. వైజాగ్, శంషాబాద్ విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూగోళం మీద ఒకదాని నుంచి ఇంకోదానికి అతి దగ్గరి గీత గీస్తే సుమారు 510 కిలోమీటర్లు వస్తుంది. మా లెక్కలో 276 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలంటే 1,852 మీటర్లు. ఆ దూరాన్ని ఒక జెట్ విమానం సగటు వేగంతో భాగించి, పైన కొన్ని నిమిషాలు కలిపి 50 అని చూపిస్తారు. విమానం గాల్లో ఉండే సమయం నిజంగానే దానికి దగ్గరగా ఉంటుంది. టికెట్ మీద వేసే గంటా ఇరవై కూడా నిజమే. అది గాల్లో ఉండే సమయం ఒక్కటే కాదు, దానికి ముందూ వెనకా నేల మీద గడిచేది కూడా కలిపింది.

ప్రతి విమానానికీ మేం నాలుగు సమయాలు రాసుకునేవాళ్లం: అవుట్, ఆఫ్, ఆన్, ఇన్. చక్రాలు కదలకుండా అడ్డం పెట్టిన దిమ్మలు, అంటే చాక్స్ తీసేసి, విమానం బే (నిలిపి ఉంచే చోటు) నుంచి కదిలిన క్షణం అవుట్. చక్రాలు రన్‌వేని వదిలింది ఆఫ్. మళ్లీ నేలను తాకింది ఆన్. అవతలి ఊళ్లో బే మీద ఆగి, మళ్లీ చాక్స్ పెట్టింది ఇన్. మీ విమానం ఒక మామూలు రోజున ఇలా ఉండొచ్చు: అవుట్ 3:10, ఆఫ్ 3:22, ఆన్ 4:14, ఇన్ 4:25. గాల్లో ఉన్నది 52 నిమిషాలు. అవుట్ నుంచి ఇన్ వరకు గంటా పావు. ఈ గంటా పావునే బ్లాక్ టైమ్ అంటారు, దాని మీద ఇంకో అయిదు నిమిషాలు చేర్చి టికెట్ మీద గంటా ఇరవై వేస్తారు. రోజూ ఒకేలా జరగదని తెలుసు కాబట్టే ఆ అదనం.

ఎందుకు ఒకేలా జరగదు? మీ వైజాగ్ విమానాశ్రయం అసలు నేవీది, ఐఎన్ఎస్ డేగ. మన పౌర విమానాలు దాన్ని వాడుకుంటున్నాయి. నేవీ విమానాలకో హెలికాప్టర్లకో రన్‌వే కావలసి వస్తే మనవాళ్లు ఆగాలి. ఇక శంషాబాద్‌లో రెండు రన్‌వేలూ తూర్పు పడమరలుగా ఉంటాయి. విమానం మామూలుగా గాలికి ఎదురుగా దిగుతుంది. మీ అబ్బాయి తూర్పు నుంచి వస్తాడు. గాలి పడమటి నుంచి వీస్తుంటే దాదాపు నేరుగా వచ్చి దిగిపోతుంది. గాలి తూర్పు నుంచి ఉంటే మాత్రం ఎయిర్‌పోర్టు పక్కనుంచే పడమటికి దాటి వెళ్లి, వెనక్కి తిరిగి రావాలి. కిటికీలోంచి ఔటర్ రింగ్ రోడ్డు కనిపించాక కూడా పది నిమిషాలు పడుతుంది. వరసలో ముందు నాలుగు విమానాలుంటే ఏటీసీ (విమానాల రాకపోకలను నియంత్రించే విభాగం) వాళ్లు గాల్లోనే చుట్లు తిప్పుతారు. అవన్నీ 510 కిలోమీటర్ల లెక్కలో ఉండవు.

ఇంకో విషయం. ఇంత తక్కువ దూరంలో విమానం తన పూర్తి వేగంతో పోయేది కొద్దిసేపే. 10,000 అడుగుల లోపు 250 నాట్లు, అంటే గంటకు సుమారు 460 కిలోమీటర్లు దాటకూడదన్నది మామూలు నియమం. పైకి ఎక్కడానికి ఓ ఇరవై నిమిషాలు, దిగడానికి ఇంకో ఇరవై పోతే, గంటకు 800 పైచిలుకు వేగంతో సాఫీగా ఎగిరేది పది పదిహేను నిమిషాలే. అదే ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానమైతే ఈ దారిలో ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. కాబట్టి టికెట్ కొనేటప్పుడు విమానం రకం కూడా చూడండి.

ఇప్పుడు మీ అబ్బాయి సాయంత్రాన్ని నిమిషాల్లో పెట్టి చూద్దాం. విమానం సరిగ్గా సమయానికే వచ్చిందనుకుందాం. 4:30కి బే మీద ఆగింది. తలుపు తీసి, వెనక సీట్ల నుంచి అతను బయటికి వచ్చేసరికి 4:45. బెల్ట్ మీద సామాను వచ్చేసరికి 5:05, ఒక్కోసారి 5:15. టికెట్లు వేరు కాబట్టి సామాను దుబాయ్‌కి దానంతట అది పోదు. అతనే తీసుకుని, అరైవల్స్ నుంచి బయటికి వచ్చి, పై అంతస్తులో డిపార్చర్స్‌కు ఎక్కి, గేటు దగ్గర పాస్‌పోర్ట్, టికెట్ చూపించి మళ్లీ లోపలికి వెళ్లాలి. అప్పటికి 5:30. అక్కడి నుంచి దుబాయ్ విమానం కౌంటర్ క్యూ. అంతర్జాతీయ విమానాలకు కౌంటర్ బయల్దేరడానికి గంట ముందు మూసేస్తారు, కొందరు గంటా పావు ముందే. అంటే 5:45 లేదా 6 గంటలకు.

అన్నీ సవ్యంగా జరిగితే మీకు మిగిలేది పావుగంట, మహా అయితే అరగంట. మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యమైతే? షెడ్యూల్ కంటే 15 నిమిషాల లోపు తేడాతో నడిచిన విమానాన్ని సమయానికి నడిచినట్టే లెక్కేస్తారు. వాళ్ల దృష్టిలో ఆలస్యం కాని విమానం కూడా మీ పావుగంటను మింగేయగలదు.

నేను పనిచేసిన రోజుల్లో ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను. ఒక కుర్రాడు ఇప్పటికీ గుర్తున్నాడు. ప్లాస్టిక్ తాడుతో కట్టిన అట్టపెట్టె, దాని మీద మార్కర్‌తో పేరు, ఊరు, దుబాయ్ ఫోన్ నంబరు. కౌంటర్ మూసి పది నిమిషాలైంది. అతను ఎవరితోనూ గొడవ పడలేదు. "సార్, విమానం ఇంకా ఇక్కడే ఉంది కదా, కనిపిస్తోంది" అని మాత్రం అంటున్నాడు. విమానం నిజంగానే అద్దాల అవతల కనిపిస్తోంది. కానీ లోడ్ షీట్ (విమానం బరువు లెక్క) తయారైపోయింది, సామాను తలుపు మూస్తున్నారు. విడి టికెట్ కాబట్టి డబ్బులు పోయాయి, మళ్లీ కొత్త టికెట్ కొనుక్కోవాల్సి వచ్చింది. మీరు మిగుల్చుకుంటున్న నాలుగు వేల కోసం ఆ పరిస్థితి అబ్బాయికి రానివ్వకండి.

రెండు ప్రయాణాలూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉండేలా టికెట్ కొనండి. అప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. సామాను కూడా సాధారణంగా వైజాగ్‌లోనే దుబాయ్‌కి ట్యాగ్ వేస్తారు. వేశాక ఆ ట్యాగ్ మీద డీఎక్స్‌బీ అని దుబాయ్ కోడ్ మూడక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోమనండి, హెచ్‌వైడీ అని హైదరాబాద్ కోడ్ మాత్రమే ఉంటే అక్కడే అడగాలి. విడి టికెట్లే కొనక తప్పదంటే ఉదయం విమానంలో పంపండి. శంషాబాద్‌లో అయిదారు గంటలు కూర్చున్నా నష్టం లేదు.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. అబ్బాయి పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ముద్ర ఉందేమో చూడండి. ఉంటే, పనికోసం యూఏఈ వెళ్లడానికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ముందుగానే తీసుకోవాలి. అది లేకుండా వెళ్తే ఇమిగ్రేషన్ దగ్గరే వెనక్కి పంపేస్తారు, ఎంత ముందుగా చేరుకున్నా లాభం ఉండదు.

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయన దుబాయ్‌ల పనిచేస్తడు. ఏజెంట్ పంపిన టికెట్ల పోయేటప్పుడు హైదరాబాద్‌ల పొద్దున 10 గంటలకు ఎక్కి మధ్యాహ్నం 12:20కి దిగుడు అని ఉంది. వచ్చేటప్పుడు దుబాయ్‌ల రాత్రి 9:30కి ఎక్కి 2:25కి దిగుడు. పోయేటప్పుడు రెండు గంటల ఇరవై నిమిషాలు, వచ్చేటప్పుడు అయిదు గంటలా? మధ్యల ఎక్కడన్న ఆపుతరా? ఏజెంట్ మోసం చేసిండా?

జవాబు: ఏజెంట్ మోసం చేయలేదమ్మా, విమానం మధ్యలో ఎక్కడా ఆగదు. టికెట్ మీద వేసే సమయం ఎప్పుడూ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. ఎక్కే సమయం హైదరాబాద్‌ది, దిగే సమయం దుబాయ్‌ది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక.

పోయేటప్పుడు మీ ఆయన దిగిన 12:20 అంటే మనకు 1:50. పది గంటలకు ఎక్కాడు కాబట్టి ప్రయాణం 3 గంటల 50 నిమిషాలు. వచ్చేటప్పుడు ఎక్కిన 9:30 అంటే మన దగ్గర రాత్రి 11 గంటలు. 2:25కి దిగితే 3 గంటల 25 నిమిషాలు. దూరం రెండు వైపులా ఒక్కటే, సుమారు 2,550 కిలోమీటర్లు. వచ్చేటప్పుడు ఆ ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు తగ్గడానికి కారణం గాలి. చలికాలంలో పైన పడమటి నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది, మన వైపు వచ్చే విమానాన్ని వెనక నుంచి నెడుతుంది. పోయేటప్పుడు అదే గాలి ఎదురవుతుంది.

గంటల కంటే తేదీ దగ్గర జాగ్రత్తగా ఉండండి. ఆయన 14వ తేదీ రాత్రి 9:30కి ఎక్కితే దిగేది 15వ తేదీ తెల్లవారుజామున 2:25కి. జగిత్యాల నుంచి శంషాబాద్ రావడానికి కారులో నాలుగైదు గంటలు పడుతుంది కాబట్టి మీరు 14 రాత్రే బయల్దేరాలి. 15న కదా అని 15 సాయంత్రానికి బండి మాట్లాడుకుంటే, ఆయన పొద్దంతా ఎయిర్‌పోర్టు బయట సామానుతో కూర్చోవాల్సి వస్తుంది. పోయే విమానం అర్ధరాత్రి దాటాక ఉన్నప్పుడు ఇంకా కష్టం. టికెట్ మీద 15వ తేదీ, 00:40 అని ఉంటే ఎయిర్‌పోర్టులో ఉండాల్సింది 14 రాత్రి. 15 రాత్రికి వచ్చినవాళ్లకు విమానం వెళ్లిపోయి దాదాపు ఒక రోజవుతుంది. అర్ధరాత్రి టికెట్ ఏదొచ్చినా, ఇంటి క్యాలెండర్ మీద విమానం తేదీ కాదు, మీరు గడప దాటాల్సిన తేదీ, గంట రాసి పెట్టుకోండి.

ప్రశ్న: నేను హనుమకొండలో ఇంటర్ చదువుతున్నాను. దూరం ఎక్కువైతే సమయం కూడా ఎక్కువ పడుతుంది కదా. మా ఫిజిక్స్ సార్ మాత్రం ఎక్కువ దూరం తిరిగి తక్కువ సమయంలో చేరిన విమానం ఉందన్నారు. నిజమేనా?

జవాబు: మీ సార్ చెప్పింది నిజం. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో విమానం దారి మార్చింది. అంతకుముందు పడమటి వైపు, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది, సుమారు 13,900 కిలోమీటర్లు. కొత్త దారి తూర్పు వైపు, పసిఫిక్ మీదుగా, సుమారు 15,300 కిలోమీటర్లు. దాదాపు 1,400 కిలోమీటర్లు ఎక్కువ, అంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీ దాకా ఉన్న దూరం కంటే ఎక్కువే. అయినా పద్నాలుగున్నర గంటల్లో చేరింది, పాత దారి కంటే సుమారు రెండు గంటల ముందు. పడమటికి వెళ్తే ఎదురుగాలి, తూర్పుకు వెళ్తే వెనకగాలి. విమానం వేగం గాలితో పోల్చుకుని ఉంటుంది. ఆ గాలే గంటకు నూటయాభై కిలోమీటర్లతో మనం వెళ్లే వైపు కదులుతుంటే నేల మీద మన వేగం అంత పెరుగుతుంది. గంటకు 850తో ఎగిరే విమానం నేల లెక్కలో 1,000తో పోతుంది.

మన దక్షిణాదికి వచ్చేసరికి ఇంకో విశేషం ఉంది, అది నాకు చాలా ఇష్టమైన విషయం. చలికాలంలో పైన పడమటి గాలి అన్నాను కదా, వానాకాలంలో మన నెత్తిన చాలా ఎత్తులో అది తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తూర్పు నుంచి పడమటికి ఒక జెట్ ప్రవాహం, అంటే చాలా వేగంగా సాగే గాలి పట్టీ, వీస్తుంది. దాన్ని ప్రపంచానికి వివరించింది మన దేశపు వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం. ఆ పరిశోధన 1958లో అచ్చయింది. తర్వాత ఆయన భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ కూడా అయ్యారు. నైరుతి రుతుపవనాల గురించి చదివేటప్పుడు ఆ పేరు మీకు మళ్లీ కనబడుతుంది. అందుకే వైజాగ్ నుంచి హైదరాబాద్ వచ్చే విమానం జులైలో ఒక లెక్క, జనవరిలో ఇంకో లెక్క. అంత చిన్న దూరంలో తేడా కొద్ది నిమిషాలే, కానీ ఫ్లైట్ ప్లాన్‌లో ఇంధనం లెక్క వేసేటప్పుడు దాన్ని వదిలిపెట్టేవాళ్లం కాదు.

దారి పొడవును మార్చేది గాలి ఒక్కటే కాదు. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన ఎయిర్‌లైన్స్ విమానాలు దక్షిణంగా దిగి, అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చింది. ఊళ్ల మధ్య దూరం కిలోమీటరు కూడా మారలేదు, ప్రయాణం మాత్రం పెరిగింది.

ఇంట్లో గ్లోబు ఉంటే ఢిల్లీ మీద, శాన్‌ఫ్రాన్సిస్కో మీద వేళ్లు పెట్టి ఒక దారం బిగించి చూడు. దారం ఉత్తర ధ్రువం దగ్గరగా పోతుంది. అదే అతి దగ్గరి దారి. గోడ మీది మ్యాపులో స్కేలుతో గీసిన గీత దాని కంటే పొడవు. ఆ తర్వాత పసిఫిక్ మీదుగా దారం పెట్టి, ఎంత ఎక్కువ పడుతుందో కొలువు.

ప్రశ్న: మాది గుంటూరు. మా వారికి మోకాళ్ల నొప్పులు. సికింద్రాబాద్‌లో డాక్టరుకు చూపించాలి. గన్నవరం నుంచి విమానంలో గంటే కదా, అందులో వెళ్దామని పిల్లలు అంటున్నారు. రైలే మేలని ఆయన అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: మీ వారి మాటే నా మాట. గన్నవరం నుంచి శంషాబాద్‌కు గాలి దారిలో 265 కిలోమీటర్లు, టికెట్ మీద గంట, కాస్త అటూ ఇటూ. కానీ మీ ప్రయాణం గన్నవరంలో మొదలై శంషాబాద్‌లో ముగిసేది కాదు. గుంటూరు నుంచి గన్నవరానికి, విజయవాడ ట్రాఫిక్ దాటుకుని గంటన్నర. కౌంటర్ గంట ముందే మూస్తారు కాబట్టి అక్కడ గంటన్నర ముందు ఉండాలి. విమానం ఒక గంట. దిగి, సామాను తీసుకుని బయట పడడానికి అరగంట. శంషాబాద్ నుంచి సికింద్రాబాద్‌కు ముప్పై కిలోమీటర్లు పైనే, గంట, ట్రాఫిక్ ఉంటే గంటన్నర. మొత్తం అయిదున్నర, ఆరు గంటలు. మధ్యలో నడకలు, క్యూలు, బస్సు ఎక్కడాలు, మెట్లు. నొప్పి ఉన్న మోకాళ్లకు ఆ గంట విమానం కంటే మిగతా అయిదు గంటలే కష్టం.

పూర్వం బేగంపేటలో దిగేవాళ్లకు ఈ లెక్క వేరుగా ఉండేది. దిగితే సికింద్రాబాద్ పక్కనే. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కు మారాయి. వైజాగ్ నుంచి గాలి దూరం పది కిలోమీటర్లు కూడా మారలేదు, సికింద్రాబాద్, తిరుమలగిరి, అల్వాల్ వాళ్లకు మాత్రం ప్రయాణం గంట పెరిగింది. మీ పిల్లలు చూస్తున్న గంటలో అది లేదు.

గుంటూరు నుంచి నల్గొండ మీదుగా సికింద్రాబాద్‌కు నేరుగా రైళ్లున్నాయి. పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఉంది. తిరుపతి నుంచి వచ్చే వందేభారత్ గుంటూరులో ఆగి, నాలుగు గంటల్లోపే సికింద్రాబాద్ చేరుస్తుంది. ఎక్కింది మొదలు దిగేదాకా ఒకే సీటు. ఆయన మధ్యలో లేచి నాలుగడుగులు వేసి, మళ్లీ కూర్చోవచ్చు. రైల్లో నడవలోకి కాలు చాపుకునే వీలుండేలా నడవ పక్క సీటు తీసుకోండి.

డాక్టరును చూశాక అక్కడి నుంచే ఢిల్లీకో బెంగళూరుకో వెళ్లేదుంటే అప్పుడు విమానం ఆలోచించండి. అలా వెళ్లే పక్షంలో టికెట్ బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ కావాలని చెప్పండి. కదలలేని పెద్దవాళ్లకు ఎయిర్‌లైన్స్ దాన్ని ఇస్తాయి. ముందుగా చెప్తే కౌంటర్ నుంచి సీటు దాకా మనిషి తోడు వస్తాడు. ఏరోబ్రిడ్జి లేని చోట మెట్లు ఎక్కించకుండా ర్యాంపు గానీ, లిఫ్టు బండి గానీ అడగండి. ఆ రోజు ఎయిర్‌పోర్టుకు వెళ్లాక అడిగితే దొరకడానికి ఆలస్యమవుతుంది.